శరదృతువున పెరటి చెట్లును, గృహస్థుల యారోగ్యమును

(ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి ప్రాంతముల రైతుల యుపయోగార్థము)

వరిపొలమును గూర్చి ఈ ప్రాంతపు రైతునకు క్రొత్తగా చెప్పవలసినది స్వల్పము. నారు పోయుట మొదలు కుప్ప నూర్చువరకు ప్రతి పనికిని తగిన సమయము నతడెరుగును. కాని యింటి వెనుక నున్న పెరటియందు అంతటి శ్రద్ధ వహించువారు తక్కువ. పది కొబ్బరిచెట్లు, నాలుగు అరటిపిలకలు, ఒక మామిడి, ఒక నిమ్మ, మునగ, జామ, ఉసిరి, ఇవి తమంతట తామే పెరుగుననియు, తమంతట తామే కాయుననియు తలంచుట వాడుకయై యున్నది. వర్షకాలము వెళ్లి శరత్తు ప్రవేశించు వేళ ఈ యుపేక్షకు తగిన నష్టము కలుగుచుండును.

ఆశ్వయుజ కార్తికములలో పెరటి చెట్టునకు వచ్చు తెగులునకును, ఇంటిలోని బిడ్డకు వచ్చు జ్వరమునకును మూలకారణము పెక్కు సందర్భములలో ఒక్కటియే. అది పెరటిలో నిలిచిన నీరు. ఆ నీటిని సకాలమున వెడలించిన యెడల చెట్టును మనుజుడును ఏకకాలమున రక్షింపబడుదురు. ఈ సంగతిని కారణములతో వివరించి, చేయవలసిన పనులను వరుసగా తెలుపుటయే యీ కరపత్రముయొక్క యుద్దేశము.

1. మన శరత్తు ఎట్టిది?

ఇంగ్లీషు పాఠములు చదివిన పిల్లలు శరత్తనగా ఆకు రాలు కాలమని చెప్పుచుందురు. శీతదేశములలో అది నిజమే. అచట సెప్టెంబరు, అక్టోబరు మాసములలో పగటి కాలము వేగముగా తగ్గి చలి హెచ్చగా, చెట్లు ఆకులలోని సారమును కొమ్మలలోనికి తీసికొని, ఆకులను పసుపు, ఎరుపు వన్నెలతో రాల్చివేయును. మన ఏలూరు భూమధ్యరేఖకు ఉత్తరమున పదునారు పదునేడు డిగ్రీల నడుమ నున్నది. ఇచట పగలు సెప్టెంబరు చివర 12 గంటలుండి, డిసెంబరు నాటికి 11 గంటలకు కొంచెము మించి యుండును. తగ్గుదల గంటకు లోపే. ఇంత స్వల్పమైన మార్పు మన చెట్లకు ఆకు రాల్చుటకు సంజ్ఞ కాజాలదు. మన వేప మొదలగు చెట్లు ఆకు రాల్చునది శిశిరమున, మాఘ ఫాల్గుణములలో, నేల తడి యారినప్పుడు. కావున ఆశ్వయుజమున పెరటి చెట్టు ఆకులు పసుపుబారి రాలుచుండిన యెడల, అది ఋతుధర్మమని యూరకుండరాదు. అది వ్యాధిచిహ్నము.

మనకు శరత్తు గాలి మరలు కాలము. నైరృతి ఋతుపవనము వెనుదిరుగును. అక్టోబరు మూడవ వారము ప్రాంతమున ఈశాన్య ఋతుపవనము ఆరంభమగును. ఈ రెంటి సంధికాలమున బంగాళాఖాతమున వాయుగుండములు పుట్టుచుండును. పగలు ఎండ చురుకుగా నుండును. తెల్లవారుజామున మంచు కురియును. నేల మాత్రము తడిసియే యుండును. క్రింద తడి, పైన మంచు, నడుమ వెచ్చదనము, ఈ మూడును గూడినచోట బూజుజాతి తెగుళ్ళును, దోమలును వృద్ధిబొందుట సహజము.

వర్షర్తువున పోగైన పిత్తము శరత్తున ప్రకోపించునని ఆయుర్వేదము చెప్పును. కార్తికమున కడపటి యెనిమిది దినములను, మార్గశిరమున మొదటి యెనిమిది దినములను పెద్దలు యమదంష్ట్రలని పేర్కొని, ఆ దినములలో మితాహారమును విధించిరి. దోమవలన జ్వరము వచ్చునని యెవ్వరికిని తెలియని కాలమున సైతము, ఈ ఋతుసంధి ప్రమాదకరమని వారు అనుభవముచే గ్రహించి యుండిరి.

2. మూడు విధములైన పెరళ్ళు

మన ప్రాంతమున ఒకే ఋతువు మూడు తీరుల ఫలితము చూపును. తన పెరడు ఏ తీరునకు చెందినదో రైతు మొదట నిర్ణయించుకొనవలెను.

మొదటిది కొల్లేటి లంకల పెరడు. కొల్లేరు కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న పల్లము. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏరులును, ఉభయ డెల్టాల మురుగుకాలువలును దానిలోనికి వచ్చును. వెడలుటకు ఉప్పుటేరే ముఖ్యమార్గము. అది సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి సముద్రమున కలియును. సముద్రపు పోటు వేళ నీటిని వేగముగా తీయజాలదు. కావున వాన నిలిచిన పిదప సైతము కొల్లేటి మట్టము దినములకొలది తగ్గక, మురుగుకాలువలు వెనుకకు తన్నుచుండును. 2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఆ నీటికిని కొల్లేరే గమ్యస్థానమైనది. ఇచటి నేల జిగటమన్ను. చెట్లను మెరకలపై పెంచుట తప్ప మార్గాంతరము లేదు.

రెండవది కాలువ క్రింది గ్రామముల పెరడు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన తరువాత ఏలూరు వరకు గల గోదావరి కాలువల క్రింద మాగాణి విస్తరించినది. ఇచట కాలువగట్టు ఎత్తుగాను, ఇండ్ల పెరళ్ళు పల్లముగాను ఉండుటచే, వాన లేని దినములలో సైతము ఊటనీరు పెరటి నేలను తడుపుచుండును. తాడేపల్లిగూడెము ప్రాంతమున ఎర్రకాలువ పొంగినప్పుడు ఈ యిబ్బంది ఇనుమడించును.

మూడవది మెట్ట పెరడు. పెదవేగి, వేంకటరామన్నగూడెము వైపుల ఎర్రనేలలలో వాననీరు శీఘ్రముగా ఇంకిపోవును. ఇచట బాధ నీరు నిలుచుటవలన గాదు. వాలున మన్ను కొట్టుకొనిపోయి వేళ్ళు బయటపడుటవలనను, కార్తికము గడచునప్పటికి తడి యారిపోవుటవలనను కలుగును. ఈ రైతులు పాదులకు కట్ట వేసి, ఎండుటాకులతోను కొబ్బరిపీచుతోను పాదును కప్పి, తడిని నిలుపుకొనవలెను.

పెరడు ఎట్టిదో తెలియుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. చెట్ల నడుమ రెండడుగుల లోతున చిన్న గొయ్యి త్రవ్వి, వాన వెలిసిన మరునాడు చూడవలెను. గోతిలో నీరు నిలిచియుండిన యెడల వేళ్ళు నీటిలోనే యున్నవని తెలిసికొని, ఆనాడే మురుగుబోదె తీయించవలెను. పరీక్ష ముగిసిన వెంటనే గోతిని పూడ్చవలెను.

3. నిలువనీరు చెట్టున కేమి చేయును?

వేళ్ళు సైతము ఊపిరి తీసికొనును. మంటి రేణువుల నడుమనున్న సందులలోని గాలియే వాటికి ప్రాణవాయువు నొసగును. ఆ సందులు నీటితో నిండిన యెడల గాలి లోనికి పోజాలదు; ప్రాణవాయువు గాలిలోకంటె నీటిలో సుమారు పదివేల రెట్లు మెల్లగా వ్యాపించును. ఊపిరాడని వేరు నీటిని పీల్చు శక్తిని కోల్పోవును. అందుచేతనే మోకాలిలోతు నీటిలోనున్న చెట్టు దాహముచే వాడిపోయినట్లు ఆకులు వ్రేలవేయును. రైతు దానిని చూచి ఎరువు చాలలేదని భ్రమించి మరింత ఎరువు వేయుట కలదు. అది వ్యర్థము. నీరు దిగినంతవరకు ఏ యెరువును వేయరాదు.

అన్ని చెట్లకును ఓర్పు సమానముగా లేదు. బొప్పాయి ఒకటి రెండు దినములు నీరు నిలిచినంతనే మొదలు కుళ్ళి కూలిపోవును. మునగయు సుకుమారమే. అరటి కొలది దినములు ఓర్చును. నిమ్మకు నీరు తీసిన పిదప మొదటినుండి బంక కారుట కనబడును. జామయు మామిడియు మరికొంత తట్టుకొనును. కొబ్బరి పారు నీటి నోర్చును గాని, కదలని నీటిని చిరకాల మోర్వదు. కావున మురుగుబోదెను మొదట బొప్పాయి, మునగ, నిమ్మ చెట్ల వైపునుండి తీయుట యుక్తము.

4. నిలువనీరు మనుజున కేమి చేయును?

చలిజ్వరము చెడుగాలివలన వచ్చునని పూర్వము లోకమంతయు నమ్మెను. 1897 ఆగస్టు 20వ తేదీన అప్పటి హైదరాబాదు సంస్థానములోని సికిందరాబాదునందు రొనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. అందులకు 1902లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది. నాటినుండి పెరటినీటికిని జ్వరమునకును గల సంబంధము ఊహ గాక రుజువైన సత్యమైనది.

దోమలలో భేదములు కలవు. మలేరియా దోమ సామాన్యముగా తేటనీటిలో గ్రుడ్లు పెట్టును. బోదకాలు కలిగించు దోమ మురికినీటిని కోరును. అంతరతామర, గుర్రపుడెక్క వంటి నీటిమొక్కల వేళ్ళ నాశ్రయించి పెరుగు దోమజాతియు వేరొకటి కలదు. కొల్లేటి ప్రాంతపు రైతులు ఈ మొక్కలను ఇంటి చెంతనున్న గుంటలలో పెరుగనీయరాదు. డెంగీ జ్వరము నిచ్చు దోమకు చెరువును గుంటయు నక్కరలేదు. పారవేసిన కొబ్బరిచిప్ప, పెరటి రుబ్బురోలు, మూత లేని గాబు, పగిలిన కుండ, పాత టైరు చాలును. అది పగటిపూటయే కుట్టును. గ్రుడ్డునుండి దోమ యగుటకు వారము పది దినములు పట్టును గనుక, వారమున కొకమారు ఈ పాత్రలన్నిటిని బోర్లించి ఆరనిచ్చిన యెడల ఆ సంతతి అంతరించును.

ఇచట రైతులు గమనింపవలసిన విశేష మొకటి కలదు. చెట్టు తొఱ్ఱలోను, నరికిన కొబ్బరిమొద్దు నడిమి గుంటలోను నిలిచిన నీటిలో దోమలు పెరుగును. ఆ తడియే చెట్టును లోపల కుళ్ళించును. తొఱ్ఱను శుభ్రపరచి, నీరు నిలువకుండ చేసిన యెడల ఒకే పనిచే రెండు ప్రయోజనములు సిద్ధించును.

దోమలుగాక, ముంపునీరు ఎలుకలను ఇంటిలోనికి తరుమును. ఎలుకల మూత్రము కలిసిన బురదలో పుండ్లుగల కాళ్ళతో తిరుగువారికి ఎలుకజ్వరము సోకును. పాములు డొక్కల కుప్పలలోను, కట్టెల క్రిందను చేరును. కుప్పలలో చేయి పెట్టుటకు ముందు కఱ్ఱతో కదల్పవలెను. పాము కరచిన యెడల మంత్రములతోను కట్లతోను కాలయాపన చేయక, 108 వాహనమును పిలిచి విషమునకు విరుగుడు మందుగల ఆసుపత్రికి చేర్పవలెను. జ్వరము వచ్చినవారికి రక్తపరీక్ష చేయించుట ముఖ్యము. డెంగీ యను ననుమానమున్నప్పుడు పారాసిటమాల్ తప్ప ఇతర నొప్పిమాత్రలు వైద్యుని సెలవు లేక ఇయ్యరాదు; వానివలన రక్తస్రావము హెచ్చవచ్చును.

5. ఒక్కొక్క చెట్టునకు చేయవలసిన పనులు

కొబ్బరి: ఈ ఋతువున కొబ్బరికి ప్రధానశత్రువు మొవ్వుకుళ్ళు తెగులు. మొవ్వాకు మొదట వెలవెలబోయి వాడును; పట్టి లాగిన యెడల సులభముగా ఊడివచ్చును; మొదట దుర్వాసన కలుగును. లేతచెట్లకు ఇది యెక్కువగా సోకును. ఈ బూజు మన డెల్టాలకు క్రొత్తది కాదు. ఇరువదవ శతాబ్దారంభమున గోదావరి, కృష్ణా జిల్లాలలో తాటిచెట్లు ఈ తెగులుచే నశించుచుండగా, ఇ. జె. బట్లరు అను శిలీంధ్రశాస్త్రజ్ఞుడు దీనిని పరిశోధించి 1907లో ఆ బూజునకు శాస్త్రనామ ముంచెను. రోగము సోకిన తలలను నరికి కాల్చుటయే నాడు అవలంబించిన మార్గము. నేడు ముందుగా గుర్తించిన యెడల చెట్టును బ్రతికింపవచ్చును. కుళ్ళిన భాగమును ఆరోగ్యమైన కండ కనబడువరకు కోసివేసి, బోర్డోముద్ద పూసి, క్రొత్త మొవ్వు వచ్చువరకు వాననీరు చొరకుండ కప్పవలెను. ప్రక్కనున్న చెట్ల మొవ్వులలో ఒక శాతము బోర్డో మిశ్రమమును పోయవలెను. పూర్తిగా చచ్చిన చెట్టును కొట్టి తలను కాల్చివేయవలెను. దానిని పెరటిలోనే పడవేసిన యెడల కుళ్ళిన మొద్దులో కొమ్ముపురుగు గ్రుడ్లు పెట్టును. కొమ్ముపురుగు చేసిన గాయములగుండ ఎర్రముక్కుపురుగు ప్రవేశించి మిగిలిన చెట్లను తొలిచివేయును. పెంటకుప్పయు కొమ్ముపురుగునకు పుట్టినిల్లే గనుక, దానిని త్రవ్వి పురుగులను ఏరి చంపుట మంచిది.

2016లో దక్షిణభారతమున మొదట కనబడిన సర్పిలాకార తెల్లదోమ పిమ్మట గోదావరి జిల్లాల కొబ్బరికిని వ్యాపించినది. వానలలో తగ్గి, వానలు వెనుకబట్టిన పిదప హెచ్చును. ఆకులపై మసి పట్టినట్లు నల్లబడును. దీనికై ఘాటైన విషములు చల్లరాదు. ఆ తెల్లదోమను తిను పరాన్నజీవులు విషముచే నశించి, పీడ మరింత హెచ్చును. ఆకుల అడుగుభాగమున నీటిని వేగముగా చిమ్ముటయు, అంబాజీపేట ఉద్యాన పరిశోధనస్థానమువారి సలహాపై మిత్రశిలీంధ్రమును వాడుటయు యుక్తము.

కొబ్బరికి వార్షికమైన ఎరువులో రెండవ సగమును ఈ ఋతువున వేయుట వాడుక. మొదలునుండి సుమారు ఆరడుగుల దూరమువరకు పాదుచేసి, నీరు దిగి నేల పదునుగా నున్నప్పుడు మాత్రమే వేసి, మన్ను కప్పవలెను.

అరటి: మంచు మొదలగుటతో సిగటోక మచ్చతెగులు ఆకుల నెండించును. మచ్చలుగల ఆకులను కోసి కాల్చవలెను. మొదట మన్ను ఎగదోసి, గెల వేసిన చెట్లకు సరుగుడు కఱ్ఱతో గాని వెదురుతో గాని ఊత మియ్యవలెను. చక్కెరకేళి గెల యొకటి గాలికి పడిన యెడల తొమ్మిది పది మాసముల శ్రమ వ్యర్థమగును.

మామిడి: నూజివీడు రసముల రుచి నెరిగినవారు శరత్తున మామిడికి నీరు పెట్టకుండుట నేర్వవలెను. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కొమ్మల కొనలలో పూమొగ్గ లోలోపల రూపొందును. దీనికి నేల కొంచెము ఎండుటయు, రాత్రులు చల్లబడుటయు అవసరము. ఈ కాలమున నీరును, నత్రజని ఎరువును అందిన యెడల చెట్టు పూతకు బదులు క్రొత్త చిగురు వేయును. స్నానపు నీరును, వంటింటి నీరును మామిడి మొదటికి వదలు అలవాటు గల యిండ్లవారు ఈ మూడు మాసములు దానిని అరటివైపు మరల్పవలెను.

నిమ్మ: మొదటికి మన్ను ఎగదోయరాదు. బంక కారుచోట బెరడును కత్తితో గీరి బోర్డోముద్ద పూయవలెను. వానలో వ్యాపించు గజ్జితెగులు సోకిన కొమ్మలను ఎండ కాయు దినమున కత్తిరించవలెను.

మునగ: ఈ దినములలో మునగమానుపై గొంగళిపురుగులు గుంపులుగా చేరును. వాని వెంట్రుకలు తగిలిన పిల్లలకు ఒడలెల్ల దద్దురులు లేచును. పగటివేళ పురుగులు మానుపై గుమిగూడినప్పుడు పొడుగాటి కఱ్ఱకు కట్టిన కాగడాతో, మాను మాడకుండ, కాల్చివేయవచ్చును. తాటాకు కప్పులకు చేరువగా ఈ పని చేయరాదు.

జామ: రాలిన కాయలలో పండుఈగ పురుగులుండును. వాని నేరి రెండడుగుల లోతున పూడ్చవలెను. చెట్టు క్రిందనే విడిచిన యెడల ఈగలు ఇంటిలోనికి సైతము వచ్చును.

ఉసిరి: ఇది శరత్తు మనకిచ్చు బహుమానము. కార్తిక వనభోజనములకు ఉసిరినీడను పెద్దలు ఏర్పరచుట తోటలలో తిరిగి చెట్లను చూచుకొనుటకును మంచి యవకాశము. ఉసిరికాయలో విటమిను సి నారింజలోకంటె ఎన్నోరెట్లు హెచ్చు. కంద, బచ్చలి, మునగాకు, బొప్పాయి పండు, ఇవన్నియు పెరటినుండియే లభించి, జ్వరముచే కృశించిన శరీరమునకు బలము చేకూర్చును.

6. బోర్డో మిశ్రమము చేయు విధము

మైలుతుత్తము 100 గ్రాములను ఐదు లీటర్ల నీటిలో కరగింపవలెను. వేరొక పాత్రలో మంచి సున్నము 100 గ్రాములను ఐదు లీటర్ల నీటిలో కలిపి వడగట్టవలెను. తుత్తపు నీటిని సున్నపునీటిలో మెల్లగా పోయుచు కఱ్ఱతో కలుపవలెను. ఇనుప పాత్రలు వాడరాదు. మట్టివి గాని ప్లాస్టికువి గాని వాడవలెను. చేసిన మిశ్రమములో శుభ్రమైన ఇనుపకత్తిని ముంచి చూచిన యెడల ఎర్రని పూత పట్టరాదు. పట్టిన మరికొంత సున్నపునీరు కలుపవలెను. ఇది పది లీటర్ల ఒక శాతపు మిశ్రమము. చేసిననాడే వాడవలెను. ముద్ద కావలసినప్పుడు తుత్తము 100 గ్రాములు, సున్నము 100 గ్రాములు, నీరు మొత్తము ఒక లీటరు చాలును. చెట్లపై చల్లు ఏ మందునైనను బావికి దూరముగా కలుపవలెను. పాత్రలను చెరువులో కడుగరాదు.

7. బావినీటి సంరక్షణము

ముంపు తగ్గిన ఇంటివారికి నలువైపుల నీరున్నను త్రాగుటకు చుక్క కరవగును. వేళ్ళు నీటిలోనుండి చెట్టు వాడినట్లే, నీటి నడుమ గృహస్థుడు దాహమున కగ్గమగును. బావిని శుద్ధిచేయు లెక్క యిది. బావి వ్యాసమును మీటర్లలో కొలిచి, దానిని దానిచేతనే గుణించి, నీటి లోతుచే గుణించి, వచ్చినదానిని 785చే గుణించిన లీటర్లు తెలియును. రెండు మీటర్ల వ్యాసమును మూడు మీటర్ల నీటిలోతును గల బావిలో సుమారు 9,420 లీటర్లుండును. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున ఇరువదినాలుగు గ్రాముల మంచి బ్లీచింగు పొడి చాలును. ముంపు పొందిన బావికి ముందుగా మురికినీరు తోడించి, పిమ్మట దీనికి రెట్టింపు వేయవలెను. పొడిని బకెట్టులో కలిపి, సున్నము అడుగునకు దిగిన పిదప తేటను మాత్రము బావిలోనికి దింపి కలియబెట్టవలెను. రాత్రి వేసి ఉదయము తోడుట మేలు. పసిపిల్లలకు కాచిన నీరే యియ్యవలెను. విరేచనములైన వారికి ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి మాటిమాటికి త్రాగింపవలెను. చెంచా చిన్నదిగాను, తలగొట్టి కొలిచినదిగాను ఉండవలెను.

8. గాలివాన విషయమై

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనయు, 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరితోటలను నేలగూల్చిన తుపానును, 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురము సమీపమున తీరము దాటిన మొంథా తుపానును శరత్తులోనే వచ్చినవి. కావున హస్తకార్తెలోనే ముదిరిన కాయలను దింపించి, ఎండుమట్టలు తీయించి, ఇంటిపై వ్రాలు కొమ్మలను కొట్టించవలెను. తడి మానుపై మనుష్యుని ఎక్కించరాదు. విద్యుత్తు తీగలకు చేరువనున్న చెట్లను తాకుటకు ముందు విద్యుచ్ఛాఖవారికి తెలుపవలెను; ఇనుప గెడతో కాయలు కోయుట ప్రాణాంతకము. గాలికి ఒరిగిన లేత కొబ్బరిని, నేల మెత్తగా నుండగనే నిలిపి, ఊతమిచ్చి, మన్ను త్రొక్కిన యెడల అనేకములు బ్రతుకును.

9. ఇరుగుపొరుగుల యెడ బాధ్యత

పైన చెప్పిన పనులన్నియు ఒక్క రైతు తన పెరటిలో చేసికొనుట చాలదు. పెరటినీరు వెడలవలెనన్న వీధిబోదె తెరచియుండవలెను. వీధిబోదె పారవలెనన్న ఊరి మురుగుకాలువ అడ్డులేక యుండవలెను. పెద్ద పెరడుగల భూస్వామి తన నీటిని గోడక్రింది కన్నమునుండి పల్లపు గుడిసెల ముంగిటికి వదలుట కొన్ని గ్రామములలో కనబడుచున్నది. అచట పెరిగిన దోమ తిరిగి అతని మేడకే వచ్చును. పొలమున పనిచేయు పాలికాపు జ్వరముతో పడియున్న యెడల కోతకు వచ్చువా రెవ్వరు? ధర్మమును విడిచి లాభమును మాత్రమే చూచినను, మురుగుకాలువ త్రవ్వించుటయే లాభకరము.

ఈ నీతి కొల్లేటికిని వర్తించును. సరస్సులో చేపలచెరువుల గట్లు విస్తరించుటచే నీటి నడకకు ఆటంకము కలిగెను. 1999లో ఐదవ అడుగు మట్టము వరకు కొల్లేరు వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో రాంసార్ పట్టికలో చేరినది. 2006లో ప్రభుత్వమువారు పెక్కు చెరువుగట్లను కొట్టించిరి. మురుగుకాలువ ముఖమున ఒక గట్టు లేచిన యెడల పదిమైళ్ళ యెగువనున్న పెరటిలో కొబ్బరి వేళ్ళు కుళ్ళును. ఆటపాక చెట్లపై గూళ్ళు కట్టు గూడబాతులకును, ఏలూరు పెరళ్ళలోని నిమ్మకును, లంకగ్రామముల పసిపిల్లలకును కావలసినది పారు నీరే.

10. కార్తెల వారీ పనులు

హస్త (సెప్టెంబరు చివరినుండి అక్టోబరు 10 ప్రాంతమువరకు): గొయ్యి పరీక్ష, మురుగుబోదెలు, కొబ్బరి దింపుట, ఎండుమట్టలు తీయుట.

చిత్త (అక్టోబరు 23 ప్రాంతమువరకు): బోర్డో మిశ్రమము, అరటికి ఊతలు, మామిడికి నీరు మానుట, దోమతెరలు బాగుచేయుట.

స్వాతి (నవంబరు 5 ప్రాంతమువరకు): తుపాను వార్తలను వినుట, బావిశుద్ధి, నీరు దిగినచోట కొబ్బరికి ఎరువు, మునగపై గొంగళిపురుగుల నిర్మూలనము.

విశాఖ (నవంబరు 18 ప్రాంతమువరకు): మెట్టలో పాదులు కప్పుట, చచ్చిన మొద్దులు కాల్చుట, పెంటకుప్ప త్రవ్వుట, రాలిన జామకాయలు పూడ్చుట.

ఈ నాలుగు కార్తెలలోను వారమున కొకదినము నిర్ణయించి, గాబు, కుడితితొట్టి, రోలు, చిప్పలు, కుండలు నీరు లేకుండ ఆరబెట్టవలెను. ఈ పనిని ఇంటిలోని పిల్లల కప్పగించిన యెడల వారు ఉత్సాహముతో చేయుదురు.

దేశవాళి కొబ్బరిమొక్క నాటిన ఆరేడేండ్లకు గాని కాపునకు రాదు. వచ్చినపిమ్మట రెండు తరముల కుటుంబమును పోషించును. దానిని ఆరు దినముల నిలువనీటికి బలియిచ్చుట వివేకము కాదు. గునపమును పారయు పట్టి, చినుకు వెలిసిన మరునాడే పెరటిలోనికి నడచుటయే శరత్తును ఎదుర్కొనుటకు రైతు చేయవలసిన మొదటి పని.